నావ చెక్కల కోళ్లగూడు

నాలుగు చినుకులు పడితే చాలు, మా పెరట్లోంచి చేపనూనె వాసన లేస్తుంది. పక్కవాటాలోకి కొత్తగా దిగిన అమ్మాయి మొదటి వానకి ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని, "ఆంటీ, మీ గోడవతల ఏదో చచ్చినట్టుంది" అంది. చావడమా! అది మా మామ్మ కోళ్లగూడమ్మా, మనందరికంటే గట్టిగా ఉంది అని చెప్పి, ఆ పిల్ల చేతిలో రెండు నాటుకోడి గుడ్లు పెట్టాను. ఇప్పుడు వాన పడితే గుడ్లకోసం తనే గోడమీంచి తొంగి చూస్తుంది. నేనైతే ఆ వాసన రాగానే పొయ్యి మీద కూర కూడా వదిలేసి వెళ్లి, పెరటి గుమ్మంలో నిలబడి గుండెనిండా పీలుస్తాను. గూడు వయసు నా వయసుకంటే ఓ ఏడెనిమిదేళ్లు తక్కువ, అంతే. కీళ్లనొప్పులు మాత్రం నాకే వచ్చాయి, దానికి రాలేదు.

గరివిడికి కోసెడు దూరంలో మా ఊరు. సాయంత్రం ఫ్యాక్టరీ కూత వినిపించేసరికి మా మామ్మ, అంటే నాన్నని కన్న తల్లి, చేటలో నూకలు పోసుకుని పెరట్లోకి వచ్చి "బా బా బా" అని పిలిచేది. ఆ కూతకీ ఆ పిలుపుకీ అలవాటు పడ్డ కోళ్లు గడ్డివాము కిందనుంచీ, గాదె పక్కనుంచీ, అరటిబోదెల మధ్యనుంచీ రెక్కలు విప్పుకుని పరిగెత్తుకొచ్చేవి. మామ్మ ఒక్కోదాన్నీ పేరు పెట్టి పలకరించేది. పొలం తాతయ్య పేరున ఉండేది, ఇల్లు నాన్న పేరున, బీరువా తాళాలు అమ్మ బొడ్లో. ఈ కోళ్లొక్కటే మామ్మవి. కూతుళ్లొస్తే కోడికూర గారెలు పెట్టినా, గైరమ్మ పండక్కి నాకు గాజులు కొన్నా, అన్నీ ఆ కోళ్లమీదే. వాటిల్లో ఒంటినిండా తెల్లచుక్కలున్న సుక్కపెట్ట మాత్రం నాది. మామ్మ నా చేతిలో పెట్టి, "ఇది నీదే గుంటా" అని పదిమందిలో చెప్పింది కాబట్టి ముమ్మాటికీ నాదే.

ఆ ఏడు మాకు అడవిపిల్లి తగులుకుంది. మామ్మ మట్టితో కట్టుకున్న గూడుని తొలకరి వాన కరిగించేసింది. సంతలో చవగ్గా వచ్చిందని తెచ్చిన వెదురుగూడు అడుగుబద్దలు చెదలు తినేశాయి. ఇక గంపలకింద మూసి పైన రాయి పెడితే, ఆ మాయదారి పిల్లి గంపని పక్కకి దొర్లించి మరీ ఎత్తుకుపోయేది. తెల్లారితే చాలు, ఈకలు చూసి మామ్మ శోకాలు మొదలుపెట్టేది. మనిషి పోతే ఏడ్చినట్టు, పోయిన కోడి గుణగణాలన్నీ వల్లిస్తూ ఏడ్చేది. ఒక పొద్దున నాన్నకి ఓపిక చచ్చిపోయింది.

"అమ్మా, ఇంకొక్క కోడి పోయిందంటే సూడు, ఉన్నవన్నీ సంతకి తోలేత్తాను. రోజూ నీ ఏడుపు నాను ఇనలేను."

"తోల్రా అప్పలనాయుడా, తోలు. నన్నూ ఆటితో కలిపి కట్టేసి తోలేయ్" అంది మామ్మ.

అంది గానీ, భయపడింది. నాన్న అన్నమాట అన్నట్టు చేసే మనిషి. అప్పటికి నా సుక్కపెట్ట గుడ్లు పొదుగుతూ కూర్చుని ఉంది. సంతకి వెళ్లే కోళ్లలో అదీ ఉంటుందని తెలిసి నేను అన్నం మానేశాను, మామ్మ నిద్ర మానేసింది. నాన్న మరీ కఠినాత్ముడేం కాదు, టౌనుకి వెళ్లి ఇనపజల్లెడ గూడు బేరం చేసొచ్చాడు. ఆ డబ్బు పెడితే పాలిచ్చే ఆవొస్తుందని చెప్పి చేతులు దులుపుకున్నాడు.

అప్పుడొచ్చింది ఎర్రమ్మ. సముద్రం ఒడ్డు మనిషి. ఎండుచేపల గంపలతో ఆమదాలవలసలో రైలెక్కి గరివిడిలో దిగి, మా చుట్టుపక్కల ఊళ్లలో చేపలిచ్చి చోళ్లో వడ్లో కొలిపించుకుని పోయేది. మామ్మ గోడు మొత్తం విని, గంప దించకుండానే అంది.

"ఓలప్పో, దీనికా ఇంత ఏడుపు! మా నావ ముసిల్దయిపోనాది, ఊడదీసేత్తన్నాం. ఆ సెక్కల్తో గూడు కట్టుకో."

"సెక్కలు సెదలట్టవేటే?"

"ఎన్నేళ్లుగా సొరసేప నూనె తాగినాయో తెల్దు. సెదలు కాదు, దాని తాతొచ్చినా ముట్టుకోదు."

"మరి పిల్లి దూరదేటి?"

ఎర్రమ్మ నడుంమీద చెయ్యేసుకుంది. "సముద్రాన్నే లోపలికి రానీలేదప్పా అది. నీ పిల్లేపాటిది?"

ఆ మాటకి మామ్మ పడిపోయింది. వడ్లు, చోళ్లు, పండక్కి ఒక పుంజు అని బేరం తెగేసరికి పొయ్యిమీద అంబలి పొంగి పొర్లిపోయింది. టౌను గూడుతో పోలిస్తే ఊరికే వచ్చినట్టే.

ఆ వారంలోనే ఎర్రమ్మా, ఆమె మొగుడూ ఆ చెక్కలని మోపులుగా కట్టి పాసింజరు రైల్లో తెచ్చారు. పెట్టెలో జనమంతా ముక్కులు మూసుకుని తిట్లు లంకించుకుంటే, ఎర్రమ్మ వాళ్లకంటే రెండింతలు తిట్టిందట. ఆ రోజుల్లో ఆ ఒడ్డు నావలకి మేకులుండేవి కావు. చెక్కల అంచుల పొడుగునా బెజ్జాలు వేసి, కొబ్బరితాడుతో బట్ట కుట్టినట్టు కుట్టేవారు. అందుకే విప్పితే మోపు, కుడితే నావ. మా పెరట్లో ఆయన నావ కుట్టినట్టే గూడు కుట్టాడు. రాళ్లమీద అడుగుచెక్కలు పరిచి, నాలుగు వైపులా వంపు తిరిగిన చెక్కలు నిలబెట్టి, పైన వెడల్పువి రెండు వాలుగా వేశాడు. లోపల పెద్దవాళ్లు పట్టరు కాబట్టి నన్ను దూరమన్నాడు. ఆయన బయటనుంచి తాడు దూరిస్తే, నేను చీకట్లో కూర్చుని అందుకుని, పక్క బెజ్జంలోంచి తిరిగి బయటికి పంపేదాన్ని. "లాగు, తిప్పు, మల్లీ లాగు" అని బయటనుంచి ఆయన గొంతు వినిపించేది. అన్ని వైపులా మిగిలిన బెజ్జాల్లోంచి వెలుతురు చుక్కలుచుక్కలుగా నా గౌనుమీద పడితే, సుక్కపెట్టలా ఉన్నానని తెగ మురిసిపోయాను. ఆ బెజ్జాలే కోళ్లకి గాలి. నావ ముక్కు దగ్గరి చెక్క తలుపైంది, దానిమీద నావకి పూజ చేసినప్పటి పాత పసుపు ఇంకా కనిపిస్తూనే ఉండేది. మామ్మ దానికి మళ్లీ పసుపు రాసి, బొట్టు పెట్టి, సుక్కపెట్టని గుడ్లతో సహా లోపల కూర్చోబెట్టి, మిగతా కోళ్లని తోలింది.

మేం భూమి దున్నుకునేవాళ్లం. చేపనూనె పట్టిన చెక్కకి చెద రాదని విన్నాం గానీ, పిల్లులొస్తాయని ఒక్కరికైనా తట్టిందా! పొద్దు వాలేసరికి ఊళ్లో పిల్లులన్నీ మా పెరట్లోనే. గోడమీద, గాదెమీద, నూతిపళ్లెంమీద, ఎక్కడ చూసినా పిల్లులే, అన్నీ గూడువైపే మూతులు నాక్కుంటూ. నాన్న కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఏటమ్మా, కోళ్లని కాపాడమంటే పిల్లుల్ని పేరంటానికి పిలిసావేటి?"

మామ్మ కర్ర పట్టుకుని గుమ్మంలో కూలబడింది. అమ్మ రెక్క పట్టుకుని లోపలికి లాక్కెళితే గానీ కదల్లేదు. రేపు సంత రోజు. నేను దుప్పట్లో మొహం దాచుకుని గైరమ్మ తల్లికీ, గంగమ్మ తల్లికీ, నాకు పేర్లు తెలిసిన తల్లులందరికీ దణ్ణాలు పెట్టాను.

తెల్లవారగానే పెరట్లోకి పరిగెత్తాం. గూడు చుట్టూ మట్టి కుళ్లబొడిచినట్టుంది. చెక్కలనిండా గోళ్ల గీతలు, తాళ్లకి పిల్లి బొచ్చు. మామ్మ ముక్కుచెక్క పైకెత్తింది. ముందు పుంజు బయటికొచ్చి రెక్కలు టపటపలాడించి కూసింది. వెనక ఎర్రపెట్ట, నల్లపెట్ట, కుంటిది, పిల్లలతల్లి, ఒక్కోదాన్నీ మామ్మ గొంతెత్తి పిలుస్తుంటే ఒక్కోటీ దిగింది. చివరికి నేను లోపలికి చెయ్యి పెడితే సుక్కపెట్ట గుడ్లమీదనుంచి లేవకుండా నన్ను కసిదీరా పొడిచింది. అబ్బ, ఆ పోటంత తియ్యటిది నేను మళ్లీ ఎరగను!

మామ్మ నిటారుగా నిలబడి కొంగు దోపుకుంది. వేపపుల్ల నములుతూ వచ్చిన నాన్నవైపు తిరిగి, ఊరంతా వినేట్టు అడిగింది.

"ఏటి అప్పలనాయుడా, సంతెప్పుడు?"

నాన్న అటు తిరిగి నవ్వుకున్నాడు. ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ సంత మాట ఎత్తలేదు. సుక్కపెట్ట గుడ్లన్నీ పొదిగి పిల్లల్ని లేపింది. గూడు చూడ్డానికి పక్క ఊళ్లనుంచి కూడా వచ్చేవారు, మామ్మ వాళ్లని కూర్చోబెట్టి అరిసెలు పెట్టి మరీ పిల్లుల కథ చెప్పేది. చెప్పినప్పుడల్లా పిల్లులు పెరిగేవి.

ఇప్పుడు విజయనగరంలో మాకూ ఇంత పెరడుంది. కిందటేడు నేను కోళ్లు పెంచుతానంటే మా అబ్బాయి ఫోన్లో చూసి రంగుల గూడు తెప్పించాడు. బొమ్మరిల్లులా ముద్దుగా ఉంది, ఒక్క వానాకాలానికి నానిన అటుకుల్లా ఉబ్బిపోయింది. రెండు కోళ్లు పిల్లి పాలయ్యాయి. "ఇంకొకటి పోతే ఆపేద్దామమ్మా, గుడ్లు షాపులో కొనుక్కుందాం" అన్నాడు. నేను తిన్నగా ఊరెళ్లి, పాత గూడు తాళ్లు కోసి, మోపు కట్టించి ఆటోలో వేయించుకొచ్చాను. కుట్టేవాళ్లకోసం ఎర్రమ్మ ఊరికి కబురు పెడితే, ఆమె మనవడు, "ఇప్పుడన్నీ ఫైబరు బోట్లేనండి, ఆ కుట్టు మాకెవరికీ రాదు" అన్నాడు. ఎర్రమ్మ లేదు. ఆమె మొగుడు లేడు. ఎండుచేపల గంపల రైలు పెట్టె లేదు. మా మామ్మా లేదు.

నేనున్నాను కదా! కొబ్బరితాడు తెచ్చి ముక్కాలిపీట మీద కూర్చున్నాను. లాగు, తిప్పు, మళ్లీ లాగు. చేతులు వాటంతటవే దారి వెతుక్కున్నాయి. లోపల కూర్చుని నేర్చుకున్నది బయటనుంచి కుట్టడానికి కాస్త తికమకైంది గానీ, పొద్దు గూకేలోగా గూడు నిలబడింది. ముక్కుచెక్కకి పసుపు రాసి కోళ్లని తోలాను. అనుకున్నట్టే, పేటలో పిల్లులన్నీ పేరంటానికి వచ్చాయి.

పొద్దున్నే తలుపెత్తాను. అన్నీ దిగాయి. నోట్లో బ్రష్షుతో మా అబ్బాయి పెరట్లోకి వచ్చాడు. నేను కొంగు దోపుకుని, పేటంతా వినేట్టు అడిగాను.

"ఏటి నాయనా, సంతెప్పుడు?"