బరువుతో నిలబడిపోయిన బండి

ఈ పూట కోడలు నా మోకాళ్లకు ఆముదం రాస్తుంటే, ఆ వాసనకు మా నాన్న ఎడ్లబండి కళ్లముందుకొచ్చింది. నాకు అక్షరం రాదు. చెప్పేది నేను, ఫోన్లో కొట్టేది మనవరాలు. నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, బండి కింద వేలాడే కందెన గొట్టం. కాల్చిన గడ్డి మసిలో ఆముదం పోసి కలిపిన ఇరుసుకు పూసే ఆ నల్లటి ముద్ద పరికిణీకి అంటిందంటే అమ్మ చేతిలో ఆ రోజు అయిపోయినట్టే.

ఓసారి జగ్గయ్యపేట నుంచి నందిగామకు మిరప బస్తాలు తోలుకెళ్లిన మా బాబాయి, బరువు దించకుండా బండిని అక్కడే రోజుల తరబడి నిలబెట్టేశాడు. మళ్లీ ఎడ్లను కట్టి కదిలించగానే ఇరుసు కీచుమంది. కొంత దూరం పోయేసరికి చక్రం దగ్గర పొగ లేచింది.

"కందెన పూసే ఉందిగా అన్నయ్యా!" అన్నాడు బాబాయి ఇంటికొచ్చాక.

"పూస్తే సరా? బరువు మీద నిలబెడితే నలిగి బయటికొచ్చేసుద్దిరా. చక్రం తిరుగుతుంటేనే అది లోపల ఉండేది" అన్నాడు నాన్న.

ఇప్పుడు మోకాళ్లలో గుజ్జు అరిగిందని నా కొడుకు నన్ను కుర్చీకి అతికించేశాడు. నాలుగడుగులు వేయించమని డాక్టరు చెప్పినా వినడు. "పడతావమ్మా, కదలొద్దు" అంటాడు. కదలకపోతే మిగిలిందీ పోతుందిరా అని ఏడ్చి చెప్పినా అంతే.

మా నాన్న బండి నడిచి పాడవలేదు. వాకిట్లో నిలబడి బిగుసుకుపోయాక, గొడ్డలితో నరికి పొయ్యిలో పెట్టారు. అది నేను చూశాను.

అబ్బాయీ, ఇది చదువుతావని తెలుసు. వచ్చి నా చెయ్యి పట్టుకో. వీధి మలుపుదాకా చాలు.