పుల్లయ్య చెరువులో ఆఫ్రికా చేప

జుబియాని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండిపోతుంది. ఆవిడ మీద కాదు, మా లోకం మీద.

విజయవాడ ఇస్లాంపేటలో గడియారాలు బాగుచేసే హుమాయూన్ గారి అమ్మాయి. రాళ్లలో మిగిలిన పాతకాలపు ప్రాణుల మీద పరిశోధన చేయాలని ఆశపడింది. ఎవరు చేయనిస్తారు? మా ప్రైవేటు కాలేజీలో ఎంసెట్ పిల్లల చేత కప్ప జీర్ణవ్యవస్థ బట్టీ పట్టించడమే దక్కింది. నేను పక్క గదిలో తెలుగు చెప్పేదాన్ని. మధ్యాహ్నం క్యారియర్ విప్పితే చాలు, శిలాజాల గొడవ మొదలు.

"కోట్ల ఏళ్ల కిందట సముద్రాలు పొంగి, మధ్యనున్న అడ్డు నేల మునిగిపోయిందండీ ఛాయాదేవి గారూ. ఒకచోటి మొండి ప్రాణులు అన్నిచోట్లకీ పాకేశాయి. పాతవి చచ్చాయి, సరే, అవి ఎప్పుడూ చస్తూనే ఉంటాయి. కానీ ఆపైన రాతి పొరల్లో కొత్త రకాలు పుట్టడమే దాదాపు ఆగిపోయింది. అదీ ఘోరం!"

"ముందు తిను తల్లీ, పప్పు చల్లారిపోతోంది" అనేదాన్ని.

రెండువేల ఆరులో, చల్లపల్లి దగ్గర పుల్లయ్య అనే రైతు చెరువులో ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంచుతున్నాడని ఆవిడకు తెలిసింది. ప్రభుత్వం వద్దన్న చేప. నోటికి అందిన ప్రతి చేపపిల్లనూ మింగుతుంది. చెరువు పక్కనే మురుగు కాలవ. అందులో పడిందంటే కొరమీను, ఇంగిలాయి, బొమ్మిడాయి లాంటి మన చేపల్ని ఇక మరిచిపోవాల్సిందే. ఆఫీసుల చుట్టూ తిరిగితే "చూద్దాం మేడం" అన్నారు. ఏం చూస్తారో, ఎప్పుడు చూస్తారో!

చివరికి ఓ ఆదివారం నన్నూ లాక్కుని బస్సెక్కింది. గట్టు మీద ఎండలో నిలబడి, గుల్లల అచ్చులున్న రాయి చూపిస్తూ, ఆనాటి మొండి ప్రాణుల్లాగే ఈ చేపా అంతటా పాకేస్తుందని గొంతు చించుకుంది. పుల్లయ్య మర్యాదస్తుడు. కుర్చీలు వేయించాడు, కొబ్బరిబోండాలు కొట్టించాడు.

"ఈ రాయిలోయి కూరకి పనికిరావు కదండీ" అని నవ్వాడు.

జుబియాకి కళ్లనీళ్లు తిరిగాయి. "నవ్వకండి పుల్లయ్య గారూ! కాలవలో మీ మనవలకి ఈ ఒక్క చేపే మిగులుతుంది. ఇది మీ చెరువులో ఉండకూడదు. మీకు దణ్ణం పెడతాను."

నిజంగానే చేతులు జోడించింది. పుల్లయ్య నవ్వు ఆగిపోయింది. భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అయ్యో, అంత మాటెందుకండీ! ఉంచనండి. మాటిచ్చానంతే."

తిరుగు బస్సులో ఆవిడ సంతోషం చూడాలి! దారంతా ఒకటే కబుర్లు.

పైవారం మళ్లీ వెళ్లాం. చెరువు ఖాళీ. అడుగున బురద నెర్రెలిస్తోంది. జుబియా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చేపల్ని చంపి పాతిపెట్టించారా?" అని అడిగింది.

"అంత ప్రాణాన్ని పాతిపెట్టడానికి చేతులు రాలేదండీ. అమ్ముదామంటే, మీరంత చెప్పాక ఇంకోళ్ల చెరువులోకి పంపడం తప్పు కదా!"

మా వైపు చెరువులో అక్కర్లేనిది ఏదైనా ఉంటే అందరూ చేసేది ఒకటే. పుల్లయ్యా అదే చేశాడు.

"నష్టమొస్తే రానీ అని, తూమెత్తేసి మొత్తం కాలవలోకి వదిలేశానండీ. చెరువులో ఒక్కటి కూడా లేదు. ఇప్పుడు సంతోషమేనా మేడం గారూ?"

నాకు ఆయన్ని కాలవలోకి తోసెయ్యాలనిపించింది. ఆ మొహం చూస్తే బడిలో మెప్పు కోసం నిలబడ్డ పిల్లాడిలా ఉన్నాడు. ఎవర్ని తిట్టను?

 జుబియా "మాట నిలబెట్టుకున్నారండీ" అంది. కాలవ వైపు మాత్రం చూడలేకపోయింది.