పాత బ్యాకప్‌లో ఈరన్న

ఈ రోజు మధ్యాహ్నం మా లారీ ఆఫీసులో సర్వర్ పడిపోయింది. లోకల్ డిస్కులో బ్యాకప్ ఫైళ్లు ఉన్నాయి కదా అన్న ధీమాతో డేటాబేస్ రిస్టోర్ చేశాను. తేదీ చూసుకోమని అందరికీ పాఠాలు చెప్పే నేను తొందరలో చూసుకోలేదు. ఎక్కింది ఆరు నెలల కిందటిది. అందులో అప్పట్లో వెళ్లకుండా ఆగిపోయిన మెసేజ్‌లు ఇప్పుడు డ్రైవర్ల ఇళ్లకు వెళ్లాయి: 'మీ బండి యార్డుకు చేరింది.'

పది నిమిషాలకు హగరి నుంచి లక్ష్మక్క ఫోన్ చేసింది. ఆమె భర్త ఈరన్న మా డ్రైవరే. బండ్రి దగ్గర లారీ బోల్తాపడి చనిపోయి నాలుగు నెలలైంది.

"అది పాత మెసేజ్ అక్కా, తప్పు నాదే" అన్నాను.

"కాదులేప్పా. దినామూ ఈ యాళకి మా గేటు చప్పుడైతాండాది. ఈ పొద్దు మెసేజ్ గూడా వచ్చింది. అన్నం పెట్టినా" అని నిదానంగా ఫోన్ పెట్టేసింది.

నిన్నటి బ్యాకప్ కూడా డిస్కులోనే ఉంది. ఎక్కించావా అని ఓనర్ రెండుసార్లు అడిగాడు. స్క్రీన్ మీద ఈరన్న పేరు పక్కన 'యార్డులో ఉన్నాడు' అని కనిపిస్తోంది. నిన్నటిది ఎక్కించి ఆ మాట చెరిపేస్తే రేపు ఆ గేటు చప్పుడు ఆగిపోతుందేమోనని చేయి ఆడటం లేదు. మీరైతే ఎక్కిస్తారా?