వలలో ఊపిరాడని తాబేళ్లు

మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. తొంభైల మొదట్లో, చలి మొదలవుతుండగా, న్యూ సెటిల్‌మెంట్‌లో మా పక్క క్వార్టరు బెంగాలీ దీదీ అమ్మనీ నన్నూ దీఘా తీసుకెళ్లింది. సముద్రం చూశాక చేపల ప్రదర్శనశాలకు వెళ్లాం.

లోపల చీకటి. అద్దం వెనక ఒక చారల సముద్రపు పాము నా ముఖానికి ఎదురుగా వచ్చి ఆగింది. భయంతో అమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి చల్లబడి ఉంది; అమ్మకూ భయమే. కళింగపట్నం దగ్గర సముద్రపొడ్డున పుట్టిన అమ్మకు సముద్రమంటే వెళ్లినవాళ్లు తిరిగి రాని చోటు. ఆవిడ తమ్ముడు, మా మావయ్య, అప్పుడు విశాఖపట్నంలో చేపల మరబోటు మీద పనిచేసేవాడు.

చివరి తొట్టిలో పెద్ద తాబేలు ఉంది. చిన్నప్పుడు ఇంట్లో దాని మాంసం వండేవాళ్లనీ, భలే రుచనీ దీదీ నవ్వుతూ చెప్పింది. అమ్మ అప్పటికే చెప్పులు విడిచి తాబేలుకు దండం పెడుతోంది. మా వైపు వాళ్లకు శ్రీకూర్మంలో కొలువైన దేవుడి రూపమది.

అక్కడ పనిచేసే అమ్మాయి బెంగాలీలో వివరించింది. తాబేలు గాలి కోసం పైకి రావాలట. మరబోటు వలలో చిక్కితే రాలేక, నీళ్లలోనే ఊపిరాడక చనిపోతుందట. ఇలాగే సాగితే గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చేవి మిగలవట.

అమ్మకు బెంగాలీ వచ్చు. అయినా నావైపు తిరిగింది.

"ఏటంతన్నాదే? వల్లోనే సచ్చిపోతాయా?"

అవునన్నాను. అమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. "మీ మావయ్య ఏసీది ఆ వలే గదే!"

దీదీ నవ్వు ఆగిపోయింది. తినేవాళ్లదీ తప్పేనా అని ఆ అమ్మాయిని మెల్లగా అడిగింది.

ఇంటికొచ్చిన కొద్దిరోజులకే రేడియోలో వాయుగుండం అన్నారు. మావయ్య కబురు లేదు. దేవుణ్ణి చంపినవాణ్ణి సముద్రం ఒగ్గదని అమ్మ గొణుక్కునేది. స్నానంలో ముఖం మీద నీళ్లు పడితే నాకు ఊపిరి ఆగిపోతుందనిపించి కేకలు పెట్టేదాన్ని.

గాలివాన తగ్గాక ఒక ఉదయం మావయ్య సంచితో గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మ వెళ్లి అతని కాళ్లు పట్టుకుంది.

"ఛ, అక్కా! కాళ్లు ఒగ్గీ! ఏటైపోనాది నీకు?"

అమ్మ తాబేళ్ల సంగతి చెప్పింది. మావయ్య తలదించుకున్నాడు. "కావాలని పట్టీది కాదక్కా. వల లాగీసరికే సచ్చిపోయుంటాయి."

"బతికున్నదుంటే?"

"డెక్కు మీద పడుంటాది. ఎవుడు సూత్తాడు?"

"నువ్వు సూడు. నువ్వైనా సూడు."

సరేనని అక్క తల మీద చెయ్యేసి ఒట్టు పెట్టాడు. మరుసటేడు వచ్చినప్పుడు, తోటివాడితో కలిసి ఒకదాన్ని ఎత్తి నీళ్లలో వదిలానని చెప్పాడు. కాసేపు తేలి, మునిగిందట. బతికిందో లేదో తెలియదన్నాడు.

మా పక్కింట్లో దీదీ భర్త ఒకసారి తాబేలు మాంసం తెస్తే, ఆవిడ పొయ్యి వెలిగించలేదు. అమ్మ భయం మాత్రం పోలేదు. మావయ్య బోటు పని మానేదాకా, రేడియోలో వాయుగుండం మాట వినిపిస్తే చాలు, చేతిలో పని వదిలి వార్తలు పూర్తయ్యేదాకా కదలకుండా నిలబడిపోయేది.