మిరప బస్తాల నడుమ బొమ్మల పుస్తకాలు

టీక్యాకు ఎకరంన్నర మిరప తోట ఉంది. డోర్నకల్ స్టేషన్ నుంచి సైకిల్ మీద పోయేంత దూరంలో, తండాలో గూనపెంకుల ఇల్లు ఉంది. ఆ ఇంట్లో ఒక పెట్టె నిండా బొమ్మల కథల పుస్తకాలు ఉండేవి. ఈ చివరి సంగతి విన్నవాళ్లు నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను. తర్వాత కోపం వచ్చింది. వాటిని ఆయన ఎవరికీ ఇచ్చేవాడు కాదు. పుస్తకం పెట్టుకుని చదవనివ్వని మనిషి కంటే పుస్తకమే లేని మనిషి నయమని నా అభిప్రాయం.

అవి రైళ్లు ఇచ్చిన పుస్తకాలు. టీక్యా చిన్నప్పుడు జంక్షన్‌లో జామకాయలు అమ్మేవాడు. దిగిపోయిన కుటుంబాలు సీటు మీద మరిచిపోయిన పిల్లల పత్రికలను ఏరుకునేవాడు. ఇంట్లో లంబాడీ మాట, బడిలో తెలుగు. పంతులు చెప్పేది తలకెక్కక బడి మానేశాడు. బొమ్మలో గుర్రాన్ని చూసి, దాని కింది అక్షరాలు గుర్రమే అయ్యుంటాయని పోల్చుకుంటూ తనంతట తానే చదవడం పట్టుకున్నాడు. ఆ పుస్తకాల్లో ఒక్కటీ పారేయలేదు. ఒక మాసపత్రికలో ఏళ్ల తరబడి వచ్చిన రాజుల కథ మొదటి సంచిక నుంచి చివరి దాకా ఆయన దగ్గర వరుసగా ఉండేది. తప్పిపోయిన సంచికల కోసం కాజీపేట దాకా పాత కాగితాల దుకాణాలన్నీ తిరిగాడు.

ఉద్యమంలో మా వైపు చాలామంది మొక్కులు మొక్కారు. తెలంగాణ వచ్చేదాకా గడ్డం తీయనన్నవాళ్లు ఉన్నారు, చెప్పులు తొడగనన్నవాళ్లు ఉన్నారు. టీక్యా మొక్కు ఈ పుస్తకాల మీద. రాష్ట్రం వచ్చిన రోజు తండాలో ఒక కొట్టం వేసి, అందరూ కూర్చుని చదువుకునేలా వీటిని పెడతానన్నాడు. అప్పటిదాకా ఒక్క పేజీ చెడొద్దు, ఒక్క పుస్తకం గడప దాటొద్దు.

"అప్పటికి నాకు కండ్లద్దాలొస్తయి టీక్యన్నా," అన్నాను ఒకసారి.

"అయితే అద్దాలు పెట్టుకొనే చదువు యుగేందరూ. ఏం తొందర నీకు?"

ఆయన భార్య లచ్చి బియ్యం చెరుగుతూ అందుకుంది. "నాకే చూపెట్టడు మరిదీ, నీకు చూపెడ్తడా? గీయన కండ్లల్ల నేను మేకకన్న హీనం."

మేక మాట ఊరికే రాలేదు. అంతకుముందు వానాకాలం ఆ మేకే చారు గిన్నెను తన్ని పెట్టె మీద పోసింది. పైవరుస పుస్తకాలకు పసుపు మరక పట్టింది. మరక ఆరకముందే ముసురు పట్టుకుంది. పెంకుల సందున కారిన నీరు గోడలోకి దిగి, గోడకు ఆనించిన పెట్టెలోకి చెమ్మ ఎక్కింది. దసరాకు మూత తీస్తే అట్టల మీద బూడిదరంగు బూజు కనిపించింది. టీక్యా వేపాకు పెట్టాడు. అది పచ్చి ఆకు కావడంతో ఇంకా చెమ్మ చేరింది. పాలిథిన్ కవర్లలో కట్టాడు. లోపలున్న తేమ లోపలే ఉండిపోయి బూజు ఇంకా పెరిగింది.

మిరప రైతు బుద్ధి మిరపకాయల వైపే పోతుంది. కాయ తెంపి, ఎండబెట్టి, ధర లేకపోతే కోల్డ్ స్టోరేజీలో పెడతారు. నెలలు గడిచినా రంగు పోదు, పురుగు పట్టదు, బూజు రాదు. కాయకు పనికొచ్చిన చలి కాగితానికి ఎందుకు పనికిరాదని టీక్యా అనుకున్నాడు. 2011 ఎండాకాలంలో తన మిరప బస్తాలతో పాటు రెండు గోనె సంచుల్లో పుస్తకాలు నింపి, మూతులు కుట్టి తెచ్చాడు.

నేనప్పుడు ఆ స్టోరేజీలో హమాలీని. డిగ్రీ చదివి బస్తాలు మోసేవాణ్ణి. ఒక సంచి వీపున వేసుకోగానే నడుము విరిగినట్టయింది.

"ఏందన్నా, రాళ్లు నింపినవా? మిరపకాయ గింత బరువుంటదా?"

"జర మెల్లగ! బుక్కులు. ఎవలకు చెప్పకు."

చెప్పలేదు. మిరప బస్తాల నడుమ వాటినీ పేర్చాను. నాకైతే అది మంచి ఆలోచనగానే కనిపించింది.

సెప్టెంబర్‌లో సకల జనుల సమ్మె మొదలైంది. పంతుళ్లు బడులకు పోలేదు, బస్సులు కదలలేదు, భూపాలపల్లి వైపు గనుల్లో కార్మికులు దిగలేదు. బొగ్గు తగ్గేసరికి కరెంటు కోతలు పెరిగాయి. స్టోరేజీలో జనరేటర్ కాసేపు నడుస్తుంది, డీజిల్ అయిపోతే ఆగుతుంది. గదుల్లో చలి తగ్గి గోడల వెంట నీళ్లు కారసాగాయి. సరుకు తీసుకుపొమ్మని మేనేజర్ రైతులందరికీ కబురు పెట్టాడు.

టీక్యా జంక్షన్‌లో పట్టాల మీద కూర్చున్నాడు. రైల్‌రోకో. ఒక పక్క పొయ్యి మీద వంట, ఇంకో పక్క డప్పు. నేను పోయి ఆయన చెవిలో చెప్పాను. "నువ్విక్కడ కరెంటు బంద్ అయ్యే సమ్మెకు జై కొడ్తున్నవు. అక్కడ నీ బుక్కులు నానుతున్నయి."

ఆయన మొహం మాడిపోయింది.

"అయితే ఏమంటవు? నా బుక్కుల కోసం సమ్మె ఆపుమందునా?"

"ఆపుమని నేనన్ననా? లేచి రా అంటున్న."

పక్కనున్న జాల్యా నవ్వాడు. ఆయనదీ అదే తండా. "పో టీక్యా, పో. నువ్వు లేస్తే రైలు ఉరికొస్తదా ఏంది? నీ జాగల నేను కాళ్లు చాపుకొని కూసుంట."

మధ్యాహ్నం ఎండలో ఆటో మీద సంచులతో మేమిద్దరం తండాకు చేరాం. టీక్యాకు ఆత్రం ఆగలేదు. దిగీ దిగకముందే కుట్లు తెంచి పుస్తకాలు బయటికి లాగాడు. సంచి నడుమనున్న పుస్తకాలు అప్పటిదాకా పొడిగానే ఉన్నాయి, చల్లగా ఉన్నాయి. బయటి ఉక్క తగలగానే ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టినట్టు వాటికీ చెమట పట్టింది. మా కళ్ల ముందే అట్టలు తడిశాయి. సంచి విప్పకుండా నీడలో ఉంచి, బయటి వేడికి అలవాటు పడ్డాక తీస్తే అంత తడి పట్టేది కాదని తర్వాత ఎక్కడో చదివాను. అప్పుడు మాకెవరికీ తెలియదు.

ఇక ఆయనకు తెలిసింది ఒక్కటే పని. మిరపకాయ ఆరబోసే కళ్లంలో పుస్తకాలను ఆరబోశాడు. ఎండకు అట్టలు దొప్పల్లా ముడుచుకున్నాయి. లోపలి నున్నటి పేజీలు ఒకదానికొకటి అంటుకోవడం మొదలుపెట్టాయి. విడదీయకపోతే సాయంత్రానికి పుస్తకం ఇటుకైపోతుంది. విడదీయడానికి ముగ్గురి చేతులు ఏం చాలుతాయి? టీక్యా కళ్లం నడుమ నిలబడి అటూ ఇటూ చూశాడు. ఇన్నేళ్లుగా ఎవరినీ ముట్టనివ్వని మనిషి.

లచ్చి అడిగింది. "తండోళ్లను పిలువాల్నా, వద్దా?"

ఆయన పిలువమన్నట్టు తల ఊపాడు.

లచ్చి గొంతెత్తి తమ భాషలో కేకేసింది. సమ్మె వల్ల పనుల్లేక తండా అంతా ఇంటి పట్టునే ఉంది. ఆడవాళ్లు, ముసలివాళ్లు, బడిలేని పిల్లలు వచ్చారు. పుస్తకాలను పశువుల కొట్టం నీడలోకి చేర్చి, తలా ఒకటి ఒళ్లో పెట్టుకుని మెల్లగా పేజీ పేజీ విడదీశారు. మధ్య మధ్య పాత పేపరు ముక్కలు పెట్టారు.

"చేతులు తుడుసుకోర్రి! చింపకుర్రి! గట్ల గుంజద్దు!" టీక్యా అందరి చుట్టూ తిరుగుతూ అరిచాడు.

పేజీ విడదీసే చెయ్యి ఆగకుండా ఉండదు. బొమ్మ కనిపిస్తే కన్ను ఆగుతుంది. చదువొచ్చిన పిల్ల ఒకతె పైకి చదవడం మొదలుపెట్టింది, ముసలమ్మలు రాజు చచ్చాడా బతికాడా అని అడిగారు. సంచుల్లో చేరిన మిరప ఘాటుకు అందరూ తుమ్ముతున్నారు, కళ్లు తుడుచుకుంటున్నారు.

"కథకు ఏడుస్తున్నరా, కారానికా?" అంది లచ్చి.

నేనూ రాజుల కథలో రెండో సంచిక తీసుకుని కూర్చున్నాను. విడదీసే పని ఎప్పుడు మరిచిపోయానో నాకు తెలియదు. టీక్యా వచ్చి నా ముందు నిలబడితే తిడతాడనుకున్నాను. వంగి చూశాడు. "గది కాదు, మొదటిది చదివినంకనే గది," అని మొదటి సంచిక తెచ్చి చేతికిచ్చాడు.

అన్నీ దక్కలేదు. రాజుల కథలో చివరి సంచికలు అంటుకుపోయి గట్టిపడ్డాయి. ఆ రాజు ఏమయ్యాడో టీక్యాకు నోటికి వచ్చు, ఇక ఆయన చెప్తేనే వినాలి. మిగిలిన వాటిని సాయంత్రం లెక్కపెట్టలేదు, మళ్లీ పెట్టెలోనూ పెట్టలేదు.

"మొక్కు ఏమాయె?" అని జాల్యా అడిగాడు, పట్టాల మీది నుంచి వచ్చి.

"తెలంగాణ దాక మనం ఆగుతం గని, కాగితం ఆగదు," అన్నాడు టీక్యా.

ఇది రాసే నాటికి రాష్ట్రం రాలేదు. టీక్యా మొక్కుకున్న కొట్టం మాత్రం లేచింది. పుస్తకాలు గోడకు జానెడు దూరంలో, గాలి ఆడేలా చెక్కల మీద నిలబెట్టి ఉంటాయి. మరకలు పడుతున్నాయి, అట్టలు చిరుగుతున్నాయి, టీక్యా ప్రతిదానికీ గొణుగుతాడు. బూజు మాత్రం పట్టలేదు. ముసురు రోజుల్లో ఎవరూ రాకపోతే లచ్చి పొయ్యి పని ముగించుకుని, చేతులు కడుక్కుని వస్తుంది. ఆమెకు అక్షరం రాదు. ఒక్కో పుస్తకం తీసి, గాలి తగిలేలా చివరిదాకా పేజీలు తిప్పి, మళ్లీ దాని చోట నిలబెడుతుంది.