కాదనేవాళ్ళు లేని వాక్యం

తడిసిన ఉన్ని కోట్లు వేడెక్కితే ఒక వాసన వస్తుంది. జర్మనీలోని ఈ మాగ్డెబర్గ్‌లో చలికాలమంతా ప్రతి తరగతి గదిలోనూ అదే వాసన. నా విద్యార్థులు కోట్లు హీటర్ మీద ఆరేసి వ్యాసాలు తీస్తుంటే, నాకు మాత్రం ఒకప్పుడు మా కోట్లు ఆరిన సలీమా ఆపా వంటగది గుర్తొస్తుంది. ఆమె ఇక్కడి విశ్వవిద్యాలయంలో సాహిత్యం బోధించేవారు. పుట్టింది నల్లగొండలో. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. మాకందరికీ ఆపా, అంటే అక్క. శనివారాలు తన దగ్గర చదువుకునే మమ్మల్ని ఇంటికి పిలిచి, భోజనాల బల్ల చుట్టూ కూర్చోబెట్టి, వ్యాసంలోని కీలకమైన ఒక్క వాక్యాన్ని పైకి చదివించేవారు.

నేను వ్యాసానికి తీసుకున్నది మా అమ్మమ్మ చెప్పిన కథ. పరాయి ఊరినుంచి తిరిగొచ్చిన భర్త సాధువు వేషంలో సొంత గుమ్మం ముందు నిలబడి నీళ్ళడుగుతాడు. భార్య నీళ్ళిస్తుంది. అతను చెయ్యి పట్టుకుంటాడు. ఆమె చెంబు విసిరికొడితే, వేషం తీసేసి "గెలిచావు" అంటాడు. "ఈ కథ మన సంస్కృతి ఔన్నత్యానికి అద్దం పడుతోంది" అని నా వాక్యం.

"గీ మాట మీద నీతోటి ఎవరన్న కొట్లాడ్తరా బిడ్డా?" అన్నారు ఆపా.

"ఎవరూ కొట్లాడరు ఆపా."

"మరెందుకు రాసినవ్? దండేసి దండం పెట్టెటందుకా?"

పదేళ్ళు బడిలో నేర్పింది అదే మరి! కవిని పొగుడు, కథను పొగుడు, చివర "రెండు కోణాలూ సమంజసమే" అని తప్పుకో. మార్కులు పడతాయి, బుర్ర మాత్రం పడకేస్తుంది. మండిపోయి, మరుసటి వారం "ఆ భర్త దుర్మార్గుడు" అని రాసుకెళ్ళాను. "ఇది తిట్టు. కథల సాక్ష్యమేది?" అని దాన్నీ కొట్టేశారు. ఎవరైనా కాదనగలగాలి. కాదంటే, కథలోంచి నేను జవాబు చెప్పగలగాలి. ఈ రెంటికీ నిలిచిన వాక్యం నాకు నెల తర్వాత దొరికింది: "ఈ కథ బయటపెట్టేది భార్య శీలాన్ని కాదు, భర్త పిరికితనాన్ని. సొంత ముఖంతో అడిగే ధైర్యం లేకే వేషం వేశాడు."

ఆ వ్యాసాన్ని ఊళ్ళోని తెలుగు సంఘం వాళ్ళు తమ సభలో చదవమన్నారు. రెండు రోజుల ముందు అధ్యక్షుడు రాఘవరావు గారు ఫోన్ చేశారు.

"వ్యాసం బ్రహ్మాండంగా ఉందమ్మా రమా. ఆ ఒక్క వాక్యమే కొంచెం సాఫ్ట్ చెయ్యి. భర్త బాధ కూడా అర్థం చేసుకోవాలి అని ఒక ముక్క కలుపు. హాల్‌కి టెర్మిన్, అదే తేదీ, దొరకడమే గగనమైంది, గొడవలెందుకు? అయినా, మన కథలు ఆ సలీమా గారికేం తెలుస్తాయమ్మా?"

మన! ఆ మాటకు ఈ రోజుకీ నా ఒళ్ళు మండుతుంది. కథకు కంచె వేసింది ఎవరు? వాక్యం తప్పయితే తప్పని చూపించండి. నేర్పినవాళ్ళ పేరు చూసి వాక్యాన్ని తూచేది వాదన కాదు, కులపంచాయతీ. ఆ వాక్యం మారిస్తే నా వ్యాసం చచ్చిపోతుంది, మార్చకపోతే ఆపాను సభలో అవమానిస్తారేమో. వెళ్ళి ఆమెకే చెప్పాను.

"నా కోసం చదవకు. నిజమనుకుంటె చదువు, కాదనుకుంటె కొట్టెయ్యి. నా ఇజ్జత్ సంగతి నేను చూస్కుంట" అన్నారు.

మార్చకుండానే చదివాను. రాఘవరావు గారు గబగబా వందన సమర్పణకు లేచారు. వెనక వడ్డన బల్ల దగ్గర నుంచి ఆయన భార్య పద్మ గారు గరిటె ఎత్తారు.

"ఆగండి. నేనొప్పుకోను. పిరికివాడేంటి, గడుసువాడు! నీళ్ళివ్వకపోతే అతిథిని గెంటేసిందంటాడు. ఇస్తే పరాయి మగాడికి గుమ్మం తీసిందంటాడు. ఎటైనా గెలుపు ఆయనదే. అతను చెయ్యి పట్టుకున్నది ఆమె నీళ్ళిచ్చాకే కదా, ముందు కాదుగా?"

"పద్మా, పులిహోర చూడు."

"పులిహోర ఎక్కడికీ పారిపోదు లెండి."

హాలు గొల్లుమంది. అందరికంటే పెద్దగా నవ్వింది సలీమా ఆపా. "అరే వాహ్! రమా, నీ మాట ఓడింది. పొయ్యి మళ్ళ రాయి!"

ఆ తర్వాత సంఘం మా ఇద్దరినీ పిలవలేదు. పద్మ గారు మాత్రం ప్రతి శనివారం ఆపా బల్ల దగ్గరికి రావడం మొదలుపెట్టారు.

నిరుటి చలికాలం ఆపా పోయారు. సంతాప సభలో రాఘవరావు గారు "ఆమె అందరి మనిషి. ఎవరినీ నొప్పించి ఎరుగరు" అన్నారు. అందరూ తలలూపారు. బతికుండగా పరాయిదాన్ని చేసి, పోయాక మెత్తటి బొమ్మను చేస్తున్నారు. నేను లేచి నిలబడ్డాను.

"కాదండీ. నన్ను నొప్పించారు, మిమ్మల్నీ నొప్పించారు. ఆ నొప్పి వల్లే నాకు ఆలోచించడం వచ్చింది. ఎవరైనా కాదంటే చెప్పండి, సాక్ష్యం చూపిస్తాను."