మావయ్య బోల్టు పరీక్ష

ఇప్పుడు ఫోను నొక్కితే స్పానర్ల సెట్టు ఇంటికొస్తోంది కానీ, ఎనభైల చివర్లో మా రేపల్లెవాళ్లు మంచి పనిముట్లు కొనాలంటే తెనాలి బస్సెక్కాల్సిందే. తెనాలిలో అంతా డూప్లికేటేనని నన్ను పెంచిన మావయ్యకు గట్టి నమ్మకం. (ఆయన చేపల వ్యాపారి. మొప్ప ఎత్తి చూడనిదే సొంత తమ్ముడి దగ్గర కూడా చేప కొనేవాడు కాదు.) నాకేమో బాపట్లలో లారీల షెడ్డులో పని దొరికేలా ఉంది. అక్కడి మేస్త్రి ఒకటే మాటన్నాడు. "సోమవారం సొంత స్పానర్లతో రా. లేదంటే ఇదే పనికోసం అడుగుతున్న చీరాల ఆయన్ని పెట్టుకుంటా." ఆ పని పోతే నేను మళ్లీ చేపల బుట్టల ముందు కూర్చోవాలి. తలుచుకుంటేనే భయమేసేది.

శనివారం మావయ్య పాత ఆయిల్ ఇంజను బోల్టొకటి, నట్టుతో సహా, సంచిలో వేసుకుని బయల్దేరాడు. ఏ కొట్టుకెళ్లినా దాన్ని తీసి, "దీనికి పెట్టి చూపించండి" అనేవాడు. పద్నాలుగో నంబరు స్పానరు పట్టదు, పదిహేను జారిపోతుంది. "చూశావురా, కొలతలోనే మోసం" అని నా చెవిలో ఊదేవాడు. ఒక కొట్టాయన, "మంచి సరుకండి, జీవితాంతం వాడుకోవచ్చండి" అంటే, "అంత మంచిదైతే మీరే ఉంచుకోక అమ్మడమేంటండి?" అన్నాడు. నేను సిగ్గుతో రోడ్డువైపు తిరిగి నిలబడ్డాను. చివరికి స్టేషన్ దగ్గర గోనెపట్టా మీద సామాను పరుచుకున్న ఒకాయన దగ్గర, పద్నాలుగో నంబరు ఆ నట్టుకి టక్కున పట్టింది. ఊరు మొత్తానికి ఇతనొక్కడే నిజాయితీపరుడని తేల్చి, మావయ్య సెట్టంతా కొనేశాడు.

సోమవారం మావయ్య కూడా నా వెంట షెడ్డుకొచ్చాడు. మేస్త్రి చూపించిన మొదటి నట్టు మీదే నా పద్నాలుగో నంబరు నోరు విచ్చుకుపోయింది. మావయ్య మాత్రం తగ్గలేదు. "దీనికి సరిగ్గా పట్టిందండి" అంటూ సంచిలోంచి బోల్టు తీశాడు. మేస్త్రి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది అంగుళాల కొలతది బాబాయ్. ఇప్పటి స్పానర్లు మిల్లీమీటర్లవి. వాటిల్లో కొలత తప్పిన నాసిరకంది తప్ప దీనికేదీ పట్టదండి."

అంటే తెనాలిలో ఉన్న మంచి స్పానర్లన్నీ కాదని, దొంగ సరుకును వెతికి వెతికి మరీ కొన్నామన్నమాట. మేస్త్రి నవ్వు ఆపుకుంటూ, "సాయంత్రంలోగా మంచివి తెచ్చుకో, పో" అన్నాడు. మావయ్య నన్ను తీసుకుని తెనాలి బస్సెక్కాడు. సగం దూరం పోయాక మెల్లగా, "ఆ మేస్త్రికీ కొట్టువాళ్లకీ లోపాయికారీగా ఏదో ఉందిరా" అన్నాడు.

ఆ సాయంత్రం కొన్న స్పానర్లతోనే నా ఇల్లు గడిచింది. ఇప్పుడు ఏ పనిముట్టు కొన్నా, చేతిలో బరువు చూసుకుంటూ, పక్కన ఎవరో గొణుగుతారన్నట్టు కాసేపు ఆగుతాను. ఎవరూ గొణగరు. నేనెక్కడ మోసపోతానోనని లోకాన్నంతటినీ అనుమానించిన మనిషి నాకు మళ్లీ దొరకలేదు.